కొత్త మొక్క అమ్మకుండా పాత తులసిని నిలబెట్టిన నర్సరీ సేవ: ఐదు నెలల అనుభవం

హైదరాబాదులో మేముండే కాలనీకి రెండు కిలోమీటర్ల దూరంలో, పెద్ద రోడ్డు పక్కన ఒక చిన్న నర్సరీ ఉంది. అక్కడివారు మొక్కలు అమ్మడంతో పాటు ఇంటికి వచ్చి కుండీలు మార్చడం, కొమ్మలు కత్తిరించడం, పురుగు పడితే చూడడం వంటి పనులు కూడా చేసిపెడతారు. ఇక బతకదనుకున్న మా కృష్ణ తులసి కోసం గత ఫిబ్రవరిలో ఈ సేవను పిలిపించుకున్నాను. మనిషి వచ్చి పని చేసినందుకు 400 రూపాయలు, మట్టికీ వర్మీకంపోస్టుకూ వేపపిండికీ కొత్త మట్టికుండీకీ కలిపి మరో 520 రూపాయలు తీసుకున్నారు. 40 రూపాయలకు కొత్త తులసి మొక్క దొరికే చోట 920 రూపాయలు పోసి పాతదాన్ని నిలబెట్టుకోవడం ఎందుకని మా పక్కింటివారు అడిగారు. ఆ ప్రశ్నకు అప్పుడు సరైన జవాబు ఇవ్వలేకపోయాను. ఐదు నెలలు చూశాక ఇప్పుడు ఇవ్వగలను. వాళ్ల పనిలో నాకు నచ్చనివి కూడా రాస్తున్నాను కనుక నర్సరీ పేరు పెట్టడం లేదు. ఇలాంటి సేవ ఏ ఊళ్లో తీసుకున్నా ఏం చూసుకోవాలో, ఏం అడగాలో తెలిస్తే చాలునని నా ఉద్దేశం.

ఈ తులసి మా అత్తయ్యగారు తెనాలి దగ్గరి పల్లెలోని తమ పాత ఇంటి తులసికోట నుంచి తెచ్చిన గింజలతో మొలిచింది. ఆ ఇల్లు అమ్మేశాక అక్కడి నుంచి మాకు మిగిలినవాటిలో ప్రాణమున్నది ఇదొక్కటే. మూడేళ్లు చక్కగా పెరిగింది. గత కార్తిక మాసమంతా ఉదయమూ సాయంత్రమూ దాని మొదట్లో దీపం పెట్టాం. క్షీరాబ్ది ద్వాదశి నాడు ఉసిరి కొమ్మను ఆ కుండీలోనే గుచ్చి, పాలూ కొబ్బరినీళ్లూ పోసి పూజ చేశాం. అప్పటికే మొక్క నిండా మంజరులు, అంటే పూల వెన్నులు, విరిసి ఉన్నాయి. వాటిని చూసి తులసమ్మ కళకళలాడుతోందని సంతోషించామే గాని, అది ఆకు వేయడం మానేసి గింజ మీద పడిందని మాకు తోచలేదు. మార్గశిరంలో కింది ఆకులు పసుపు పచ్చబడి రాలడం మొదలైంది. సంక్రాంతి నాటికి రెండడుగుల బోడి కాండం, చివర్లలో గోధుమరంగుకు తిరిగిన ఎండు వెన్నులు, రెండు పక్క కొమ్మలకు అంటుకొని ఇరవై ముప్ఫై చిన్న ఆకులు మాత్రమే మిగిలాయి.

నర్సరీవారిని పిలవకముందు నేను చేసిన ప్రయత్నాలు కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో ఇవే జరుగుతాయి. ఆకులు వాడుతున్నాయని రోజుకు రెండుసార్లు నీళ్లు పోశాను. ఆన్‌లైన్‌లో తనంతట తానే నీరందించుకునే ప్లాస్టిక్ కుండీ ఒకటి తెప్పించి, కింది అరలో నీరు నింపి, మొక్కను అందులోకి మార్చాను. మనీప్లాంటు వంటివాటికి అటువంటి కుండీ సరిపోతుందేమో గాని, అడుగున ఎప్పుడూ తడి ఉండే ఆ అమరిక ఇప్పటికే కుంటుతున్న తులసికి పనికిరాదని నాకు నష్టపోయాకే తెలిసింది. ఆకుల కోసం ద్రవరూపంలో ఉండే ఎరువు సీసా ఒకటి కొని, మూతల లెక్కన రెండు వారాలు పోశాను. పాడైన వేళ్లు ఎరువును తీసుకోలేవు. అది మట్టిలో ఉప్పుగా మిగిలి, ఉన్న వేళ్లను ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఈ రెండింటికీ నేను పెట్టిన ఖర్చు ఆ తర్వాత నర్సరీవారికి ఇచ్చినదాని కంటే ఎక్కువ.

నర్సరీకి ఫోన్ చేసినప్పుడు వారు అడిగిన మొదటి ప్రశ్న నాకు నచ్చింది: "మట్టి తడిగా ఉందా, పొడిగా ఉందా?" తడిగానే ఉందన్నాను. అయితే వాళ్లు వచ్చేదాకా నీళ్లు ఆపమన్నారు. మొదట శుక్రవారం వస్తామన్నారు గాని, మంగళ, శుక్ర, ఆదివారాల్లో మా ఇంట్లో తులసిని తుంచరని చెప్పగానే ఏ వాదనా లేకుండా గురువారానికి మార్చారు. ఆ గురువారం పది గంటలకు రావలసినవారు పన్నెండు దాటాక వచ్చారు. ఆలస్యమవుతుందని ముందుగా ఒక మాట చెప్పి ఉంటే బాగుండేది.

వచ్చినవారు ఇద్దరు. ఒకరు కడియం ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన యాభై ఐదేళ్ల తోటమాలి, మరొకరు ఆయనకు సాయంగా ఉండే కుర్రవాడు. గోదావరి జిల్లాల్లో కడియం, కడియపులంక నర్సరీలకు ఎంత పేరుందో మనకు తెలిసిందే. హైదరాబాదు రోడ్ల పక్కన అమ్మే మొక్కల్లో చాలా భాగం అక్కడి నుంచే లారీల్లో వస్తుంది. ఆయన మొక్కను చూసీ చూడగానే కత్తెర తీయలేదు. ముందు కాండం పైభాగాన గోటితో బెరడును కొద్దిగా గీరి చూశారు. అక్కడ లోపల గోధుమరంగుగా, పొడిగా ఉంది. మరో జానెడు కిందికి దిగి గీరారు. అక్కడ పచ్చగా, తడిగా ఉంది. "ఇక్కడి నుంచి కింద ప్రాణం ఉందండి అమ్మగారూ, పైది పోయింది" అన్నారు. తర్వాత కుండీని పక్కకు వంచి మొక్కను మట్టిముద్దతో సహా మెల్లగా బయటికి లాగారు. అడుగున ఉన్న వేళ్లు నల్లబడి, వేలితో నొక్కితే పైతొక్క ఊడి వచ్చేస్తోంది. నిలవ నీటి వాసన కూడా వచ్చింది. పైభాగంలోని వేళ్లు మాత్రం తెల్లగా, గట్టిగా ఉన్నాయి. "నీళ్లు చాలక కాదండి ఇది, ఎక్కువయ్యి ఇలాగయ్యింది. వేరుకి గాలాడాలి కదండీ" అన్నారు ఆయన.

ఈ ఒక్క మాటకు నేను ఇచ్చిన 400 రూపాయలూ చెల్లిపోయాయని నా అభిప్రాయం. మట్టి ఎప్పుడూ నీటితో నిండి ఉంటే వేళ్లకు గాలి అందదు. గాలి అందని వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీటిని పైకి పంపలేదు కనుక, కింద నీరున్నా పైన ఆకులు దాహంతో వాడినట్టే వాడతాయి. అది చూసి మనం మరో చెంబు పోస్తాం. తులసి విషయంలో ఈ పొరపాటు మరీ ఎక్కువ జరుగుతుంది, ఎందుకంటే దానికి నీళ్లు పోయడం మనకు తోటపని కాదు, పూజ. స్నానం చేసిన ప్రతి ఒక్కరూ తలా ఒక చెంబు పోస్తే నలుగురున్న ఇంట్లో పది అంగుళాల కుండీకి రోజుకు నాలుగు చెంబులు పడతాయి. పల్లెలో నేల మీద కట్టిన తులసికోటకైతే ఆ నీరు భూమిలోకి ఇంకిపోయేది. అపార్టుమెంటు బాల్కనీలో, అడుగున పళ్లెం పెట్టిన కుండీలో, దానికి పోవడానికి దారి ఉండదు.

మా పూజలో మొక్కకు ఇబ్బంది కలిగిస్తున్న మరికొన్నింటిని కూడా ఆయన చూపించారు. మా అత్తయ్యగారి మనసు నొచ్చుకోకుండా ఆయన మాట్లాడిన తీరు నాకు చాలా నచ్చింది. మట్టి మీద పోసిన పాలు పులిసి చీమలనూ సన్నటి దోమలనూ పిలుస్తాయి. పసుపులో సున్నం కలిపి చేసే కుంకుమ రోజూ మొదట్లో పడుతూ ఉంటే మట్టిలో సున్నం చేరుతుంది. మా బోరు నీటిలో ఇప్పటికే ఉప్పు శాతం ఎక్కువ, కుండీ అంచుల మీద తెల్లటి పొర కట్టడం చూస్తూనే ఉన్నాం. దీపం కాండానికి బెత్తెడు దూరంలో ఉండడం వల్ల ఆ వైపు ఆకులు అంచులు మాడి ఉన్నాయి. దేనినీ మానమని ఆయన చెప్పలేదు. కుంకుమ బొట్టు కుండీకి పెట్టుకోమన్నారు, దీపాన్ని అడుగు దూరంలో చిన్న పీట మీద ఉంచమన్నారు, పాలు నైవేద్యంగా గిన్నెలో చూపితే చాలదా అని అడిగారు. కాసేపు ఆలోచించి అత్తయ్యగారు సరేనన్నారు.

కత్తిరింపు దగ్గర మాత్రం ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. తులసికి ఇనుము తగలనీయకూడదని వారి ఇంట ఆచారం. గోరు కూడా తగలకుండా దళాన్ని వేలి కొసలతో తుంచుతారు. తోటమాలి కత్తెరను సంచిలోనే ఉంచి, "మీ ఊళ్లో కోటలో తులసిని రోజూ కోసేవారు కదండీ, అమ్మా?" అని అడిగారు. కోసేవారమని, శనివారం గుడికి మాల కట్టడానికి బుట్టెడు దళాలు మంజరులతో సహా కోసేవారమని అత్తయ్యగారు చెప్పారు. "అదేనండి కత్తిరింపంటే. ఇక్కడ కొయ్యక ఇలాగయ్యింది" అన్నారాయన. గుడికి మాలలు కట్టేవారి పెరటి తులసి ఎందుకు గుబురుగా ఉంటుందో, ఎవరూ ముట్టుకోకుండా భక్తితో కాపాడిన మా బాల్కనీ తులసి ఎందుకు బోడిగా మిగిలిందో నాకు ఆ క్షణాన తెలిసివచ్చింది. అత్తయ్యగారు తులసికి నమస్కరించి, ఎండిన వెన్నులను తన చేత్తోనే తుంచి ఇచ్చారు. ముదిరిన కొమ్మల కోసం కత్తెర వాడడానికి అప్పుడు ఒప్పుకున్నారు.

ఆయన చేసిన కత్తిరింపును నేను దగ్గర కూర్చుని చూశాను. దాని వెనకున్న సూత్రం తెలిస్తే ఎవరైనా చేసుకోవచ్చు. తులసి పుదీనా కుటుంబానికి చెందిన మొక్క. పుదీనాకు వలెనే దీని లేత కాండం కూడా నలుపలకలుగా ఉంటుంది, ఆకులు ప్రతి కణుపు దగ్గరా ఎదురెదురుగా రెండేసి వస్తాయి. ఆ ప్రతి ఆకు మొదట్లోనూ, కాండానికి అంటుకునే చోట, కంటికి సరిగా ఆనని మొగ్గ ఒకటి నిద్రపోతూ ఉంటుంది. కొమ్మ కొసన చిగురు ఉన్నంతకాలం అక్కడ తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగి ఈ మొగ్గలను లేవనీయదు. కొసను తుంచితే ఆ అడ్డు తొలగి, కింది కణుపు దగ్గరి రెండు మొగ్గలూ రెండు కొమ్మలవుతాయి. ఒక కొమ్మ రెండుగా, రెండు నాలుగుగా, మొక్క గుబురవుతుంది. కొసన వెన్ను వచ్చిందంటే ఆ కొమ్మ ఇక ఆకు వేయదు, పూలు పూసి, పువ్వుకు నాలుగు చొప్పున సన్నటి గింజలు కట్టి, ఎండుతుంది. మొక్క బలమంతా గింజకు పోతుంది కనుకనే మంజరులు ఎక్కువైనకొద్దీ ఆకులు చిన్నవవుతాయి.

ముందుగా ఎండు వెన్నులన్నీ తీశాక, ఆయన ప్రధాన కాండాన్ని పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ వచ్చారు. కోసిన చోట లోపల పచ్చదనం కనబడేదాకా దిగి, అక్కడ ఉన్న కణుపుకు పావు అంగుళం పైన, నీరు నిలవకుండా కొంచెం ఏటవాలుగా చివరి కోత కోశారు. కణుపుకు మరీ దగ్గరగా కోస్తే మొగ్గ దెబ్బతింటుంది, మరీ దూరంగా కోస్తే మిగిలిన ముక్క మోడుగా ఎండి కిందికి కుళ్లు తెస్తుంది. ఆకులున్న రెండు పక్క కొమ్మలను మాత్రం కొసలు తుంచి వదిలేశారు. వాటిని కూడా ఒకేసారి కురచగా కోసేస్తే సమంగా ఉంటుంది కదా అని అడిగాను. పచ్చగా ఉన్నదానిలో మూడో వంతుకు మించి ఒకసారి తీయకూడదని, తిండి తయారుచేసే ఆకు ఒక్కటీ లేకుండా చేస్తే ముదిరిన తులసి కాండం మళ్లీ చిగురించకపోవచ్చని చెప్పారు. మిగిలిన కత్తిరింపును, కింద చిగుళ్లు కనబడ్డాక, నాలుగు వారాల తర్వాత చేశారు. ఆ రెండో రాకకు 200 రూపాయలే తీసుకున్నారు. ఈ ఓపిక నాకు ఆ సేవలో అన్నింటికంటే విలువైనదిగా కనిపించింది. ఒకే రోజు బోడిగుండు చేసి డబ్బు తీసుకుని వెళ్లిపోయి ఉంటే మొక్క పోయేది, పోయాక కొత్తది వాళ్లే అమ్మేవారు.

కుండీ మార్చడంలో కుళ్లిన వేళ్లను కోసేసి, పన్నెండు అంగుళాల మట్టికుండీలో రెండు పాళ్ల తోటమట్టి, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు ఇసుక, గుప్పెడు వేపపిండి కలిపి పెట్టారు. ఇసుక ఉండడం వల్ల పోసిన నీరు నిమిషం లోపే అడుగున దిగిపోతోంది. మట్టికుండీ గోడల గుండా కూడా తడి ఆరుతుంది. ఇక్కడే నా పెద్ద ఫిర్యాదు కూడా ఉంది. సాయంగా వచ్చిన కుర్రవాడు తెల్లటి పొడి పొట్లం ఒకటి విప్పి మట్టిలో కలపబోతుంటే ఏమిటని అడిగాను. ఎముకల పొడి అన్నాడు. గులాబీలకు అది మంచి ఎరువే కావచ్చు. తీర్థంలో దళం వేసుకునే మొక్క మొదట్లో దాన్ని ఏ ఇల్లాలూ పోయనివ్వదు. పెద్దాయన వెంటనే ఆపి క్షమాపణ చెప్పారు గాని, నేను అడగకపోయి ఉంటే కలిసిపోయేదే. పూజ మొక్కల దగ్గర ఏ ఎరువు వాడబోతున్నారో ముందుగా చెప్పడం ఆ నర్సరీవారు నియమంగా పెట్టుకోవాలి. మీరు ఎవరిని పిలిచినా ఈ సంగతి ఫోనులోనే చెప్పండి.

మరికొన్ని లోపాలు చిన్నవే. వాళ్లు ఇచ్చిన కుండీకి అడుగున ఉన్న రంధ్రం సగం మూసుకుని ఉంది, నేనే మేకుతో పొడిచి పెద్దది చేయించాను. కత్తెరను స్పిరిటుతో తుడవమని అడిగాకే తుడిచారు. ఇంటింటా తిరిగే కత్తెర ఒక ఇంటి తెగులును మరో ఇంటికి మోస్తుంది కనుక అది అడగకుండానే జరగవలసిన పని. కింద పరచడానికి పట్టా తేకపోవడంతో బాల్కనీ అంతా మట్టి అయింది. నీళ్ల విషయంలో కుర్రవాడు రోజూ పోయమని, పెద్దాయన వేలు పెట్టి చూసి పోయమని చెప్పారు. నేను పెద్దాయన మాటే విన్నాను. వేలు ఒక అంగుళం లోతుకు గుచ్చితే తడి తగలనప్పుడు మాత్రమే, అడుగు నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో చేరిన నీటిని పారబోస్తున్నాను. పూజకు మాత్రం రోజూ ఉద్ధరిణెడు నీరు సమర్పిస్తాం. దానితో మొక్కకు ఏ ఇబ్బందీ లేదు.

మొదటి మూడు వారాలు ఏ మార్పూ కనబడలేదు, పైగా ఉన్న ఆకుల్లో కొన్ని రాలాయి. నేను కంగారుపడి ఫోన్ చేస్తే, వేరు సర్దుకునేదాకా ఎరువు వేయవద్దని, కుండీని కదిలించవద్దని, కాండం పచ్చగా ఉన్నంతకాలం దిగులు పడవద్దని చెప్పారు. మార్చి మొదటి వారంలో కోసిన చోటికి దిగువన, బెరడు మీద ఆవగింజంత ఊదారంగు చుక్కలు రెండు కనిపించాయి. అత్తయ్యగారు కళ్లజోడు తెప్పించుకుని మరీ చూశారు. ఉగాది నాటికి అవి నాలుగాకుల చిగుళ్లయ్యాయి. వాటికి మూడు జతల ఆకులు వచ్చాక కొసలు తుంచమని పెద్దాయన చెప్పిన ప్రకారం చేశాను. కళ్ల ముందు పుట్టిన చిగురును తుంచడానికి మొదటిసారి చేయి రాలేదు. రెండు వారాల్లో దాని స్థానంలో రెండు వచ్చాక ఆ జంకు పోయింది. ఇప్పుడు ఆషాఢంలో లెక్కపెడితే పద్నాలుగు కొమ్మలున్నాయి. ఆకులు కార్తికంలో ఉన్నవాటికి రెట్టింపు వెడల్పున ఉన్నాయి, నలిపితే లవంగపు ఘాటు ముక్కుకు తగులుతోంది. లవంగంలోని యూజెనాల్ అనే నూనె పదార్థమే తులసిలోనూ ఉంటుంది కనుక ఆ వాసన వస్తుంది.

ఏప్రిల్‌లో ఒక ఆపద వచ్చింది. లేత ఆకులు ముడుచుకుపోయి, పైన తెల్లటి చుక్కలు, అడుగున నల్లటి మచ్చలు కనబడ్డాయి. జల్లెడలాంటి రెక్కలున్న చాలా చిన్న పురుగులు ఆకు అడుగున గుంపుగా చేరి రసం పీలుస్తున్నాయి. వాట్సాప్‌లో ఫొటో పంపితే గంటలో జవాబిచ్చారు, దానికి డబ్బు అడగలేదు. ముడుచుకున్న కొసలు తుంచి దూరంగా పారేయమని, ఆకుల అడుగు భాగాన్ని నీటి ధారతో కడగమని, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీరు కలిపి వారానికొకసారి మూడు వారాలు చల్లమని చెప్పారు. ఎండలో చల్లితే నూనె వల్ల ఆకు మాడుతుంది కనుక సాయంత్రం చల్లాలి. నిజానికి ఫిబ్రవరిలో వాళ్లే ముందుజాగ్రత్తగా మధ్యాహ్నం ఎండలో చల్లబోతే నేను వద్దన్నాను. అలాగే చల్లిన తర్వాత ఎన్నాళ్లు దళాలు తీర్థానికి వాడకూడదో వాళ్లంతట వాళ్లు చెప్పలేదు. అడిగితే వారం ఆగి, కడిగి వాడుకోమన్నారు. పురుగు మూడో వారానికి పోయింది.

వేసవికి 50 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ వల కట్టుకోమని సలహా ఇచ్చారు గాని, అది తమ దగ్గరే కొనమని ఒత్తిడి చేయలేదు. మా బాల్కనీ తూర్పు ముఖంగా ఉంది, పదకొండు వరకే ఎండ పడుతుంది. అందుకని వల అక్కరలేకుండానే, మొదట్లో ఎండుటాకులు పరిచి మే నెల గట్టెక్కించాను. చలికాలంలో మాత్రం కుండీని గ్రిల్లు అంచుకు జరిపి వీలైనంత ఎండ తగలనివ్వమన్నారు. తులసికి రోజుకు ఆరు గంటల ఎండ ఉంటే మంచిది. మాకు అంత లేదు, దాని ప్రభావం కొమ్మలు కొంచెం సాగినట్టు ఉండడంలో కనిపిస్తూనే ఉంది.

టెక్సాస్‌లో ఉన్న మా అమ్మాయికి ఇటువంటి సేవ అందుబాటులో లేదు గాని, ఈ పద్ధతి పనికొచ్చింది. తను సూపర్‌మార్కెట్లో వంట కోసం కొనే బేసిల్ కుండీ పదిరోజుల్లోనే వాలిపోయేది. మనం సబ్జా గింజలు తీసుకునే రుద్రజడ జాతి మొక్కే అది. ఆ చిన్న కుండీలో గుబురుగా కనబడేది ఒక మొక్క కాదు, కిక్కిరిసి మొలిచిన చాలా నారుమొక్కలు. విడదీసి నాలుగు కుండీల్లో పెట్టి, ఆకులు గిల్లకుండా కణుపు పైన కొసలు తుంచమని చెప్పాను. ఇప్పుడు అవి నిలబడ్డాయి. తన దగ్గరి తులసినీ ఈ బేసిల్‌నూ రాత్రి చలి 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగకముందే ఇంట్లోకి తెచ్చుకోవాలి. రెండూ దగ్గరి బంధువులే, చలిని ఓర్చుకునే శక్తి రెండింటికీ లేదు.

ఇక 40 రూపాయల కొత్త మొక్క సంగతి. మా పక్కింటివారు ఈ ఐదు నెలల్లో రెండు కొన్నారు, రెండూ పోయాయి. నర్సరీ మొక్కల వేళ్ల చుట్టూ బిగించిన జిగురు ఎర్రమట్టి ముద్దను అలాగే కుండీలో పెట్టేస్తే, చుట్టూ ఉన్న వదులు మట్టి తడిసినా ఆ ముద్ద లోపలికి నీరు సరిగా దిగదు, లేదా దిగిన నీరు బయటికి రాదు. దాన్ని కొద్దిగా వదులు చేసి నాటాలని అమ్మినవారు చెప్పలేదు. పాత కుండీ, పాత మట్టి, పాత నీళ్ల అలవాటు అలాగే ఉన్నంతకాలం మొక్క మారినా ఫలితం మారలేదు. గత నెలలో మా తులసి నుంచి తుంచిన నాలుగు అంగుళాల కొమ్మ కొసలు మూడింటిని, పూత లేనివి చూసి, కింది ఆకులు తీసి గాజు గ్లాసు నీటిలో ఉంచి, రెండు రోజులకొకసారి నీరు మార్చాను. రెండింటికి పన్నెండో రోజున తెల్లటి వేళ్లు వచ్చాయి. ఒకటి పక్కింటివారి కుండీలో, ఇసుక కలిపిన మట్టిలో పెట్టి ఇచ్చాను.

ఈ సేవకు ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తాను. సమయపాలన లేకపోవడానికీ, ఎరువు సంగతి చెప్పకపోవడానికీ కలిపి ఒకటి తగ్గించాను. పిలవదలచుకున్నవారు మాఘమాసంలో గాని, వానలు పడ్డాక జ్యేష్ఠం చివర గాని పిలవండి, ముదురు ఎండల్లో కత్తిరింపు పెట్టుకోవద్దు. ఇద్దరిలో పెద్దాయనే రావాలని అడగండి, మట్టి తడిగా ఉంటే వచ్చేలోగా నాలుగు రోజులు నీళ్లు ఆపి ఉంచండి, ఎండిన తులసి పుల్లలను చెత్తలో వేయకుండా మీకే ఇమ్మని చెప్పండి. మా అత్తయ్యగారు వాటిని నీడలో ఆరబెట్టి పూజగదిలో దాచారు. కార్తికానికి ముందు, మంజరులు గింజ కట్టకముందే తీయించడానికి మేము ఆశ్వయుజంలో ఒక గురువారం ఇప్పటికే చెప్పి ఉంచాం.